పాత శిక్షణ రికార్డులు దొరికేదెలా? సైనికుల భార్యల కోసం సమగ్ర సమాచారం

ఏ పత్రం ఏ కార్యాలయంలో ఉంటుంది, నకలుకు ఎలా దరఖాస్తు చేయాలి, 'రికార్డు లేదు' అంటే ఏం చేయాలి: ఖరగ్‌పూర్ ఓల్డ్ సెటిల్‌మెంట్ నేపథ్యంలో వివరణ

ఖరగ్‌పూర్: ఉద్యోగ ప్రకటనలో వయసు సరిపోతుంది, అర్హత సరిపోతుంది, అనుభవం కూడా ఉంటుంది. కానీ ఇరవై ఏళ్ల కిందట పూర్తిచేసిన శిక్షణకు సంబంధించిన మార్కుల మెమో చేతిలో ఉండదు. అది ఏ బదిలీలో, ఏ ట్రంకు పెట్టెలో పోయిందో తెలియదు. శిక్షణ ఇచ్చిన సంస్థ మూతపడి ఉండవచ్చు, పరీక్ష నిర్వహించిన రాష్ట్రమే రెండుగా విడిపోయి ఉండవచ్చు. సైనికుల భార్యల్లో చాలామంది తమ వృత్తిజీవితంలోకి తిరిగి అడుగుపెట్టే వేళ ఎదుర్కొనే చిక్కు ఇది. పశ్చిమ బెంగాల్‌లోని రైల్వే పట్టణం ఖరగ్‌పూర్‌లో, ఓల్డ్ సెటిల్‌మెంట్ వంటి రైల్వే వాడల్లో పుట్టి పెరిగి, సైనికోద్యోగులను వివాహమాడిన తెలుగు మహిళలకు ఈ చిక్కు మరింత ముడిపడి ఉంటుంది.

పాత శిక్షణ రికార్డులు ఎవరి అధీనంలో ఉంటాయి, వాటిని పొందడానికి చట్టం కల్పించిన మార్గాలేమిటి, పేరు తేడాలు, రాష్ట్ర విభజన వంటి అడ్డంకులను ఎలా దాటవచ్చు అన్న అంశాలను ఈ కథనం వివరిస్తుంది.

రెండు ఇళ్లూ ప్రభుత్వ క్వార్టర్లే

బెంగాల్ నాగ్‌పూర్ రైల్వే విస్తరణతో ఖరగ్‌పూర్ పట్టణంగా రూపుదిద్దుకుంది. విశాఖ ప్రాంతం నుంచి కటక్ వరకు ఉన్న తూర్పు తీర రైలు మార్గం 1902లో ఆ సంస్థ ఆధీనంలోకి వచ్చింది. ఖరగ్‌పూర్‌లో వెలసిన భారీ రైల్వే వర్క్‌షాప్‌కు పనివారు కావలసి వచ్చినప్పుడు, ఈ మార్గం వెంబడే నేటి శ్రీకాకుళం, విజయనగరం, విశాఖపట్నం ప్రాంతాల నుంచి కుటుంబాలు తరలివచ్చాయి. తరాలు గడిచినా తెలుగు మాట, తెలుగు పండుగ, ఉత్తరాంధ్ర బంధుత్వాలు ఇక్కడ నిలిచి ఉన్నాయి. తెలుగుకు అధికార భాషగా గుర్తింపు ఇవ్వాలని పశ్చిమ బెంగాల్ మంత్రివర్గం 2020 డిసెంబరులో నిర్ణయం తీసుకుంది.

పట్టణానికి సమీపంలోనే కలైకుండ వాయుసేన స్థావరం ఉంది. రైల్వే ఉద్యోగం ఒక తరానిదైతే సైనికోద్యోగం మరో తరానిది కావడం ఇటువంటి పట్టణాల్లో అరుదేమీ కాదు. పత్రాల భద్రత దృష్ట్యా ఇందులో ఒక ప్రత్యేకమైన ఇబ్బంది దాగి ఉంది. సాధారణంగా పెళ్లయిన ఆడపిల్ల సర్టిఫికెట్లు పుట్టింట్లోనో అత్తింట్లోనో ఒక బీరువాలో భద్రంగా ఉంటాయి. రైల్వే కుటుంబంలో పుట్టి సైనికుడిని పెళ్లాడిన మహిళకు ఆ రెండూ ప్రభుత్వ క్వార్టర్లే. తండ్రి పదవీ విరమణ చేయగానే పుట్టింటి క్వార్టర్ ఖాళీ చేయాలి. భర్తకు బదిలీ ఉత్తర్వు రాగానే తన క్వార్టర్ ఖాళీ చేయాలి. ప్రతి తరలింపులోనూ కొన్ని కాగితాలు జారిపోతాయి.

2022కు ముందు వాయుసేనలో ఎయిర్‌మన్‌గా చేరినవారి తొలి సేవాకాలం సాధారణంగా 20 ఏళ్లు. ఆర్మీ జవాన్లలోనూ అనేకులు నలభై ఏళ్ల ప్రాయానికి అటూ ఇటుగా విరమణ పొందుతారు. పిల్లల చదువుల ఖర్చు పెరిగే సమయం అదే. ఆ దశలో భార్య ఉద్యోగం కుటుంబానికి ప్రధాన ఆధారంగా మారవచ్చు. భర్తను కోల్పోయిన మహిళకైతే అది ఏకైక ఆధారం కావచ్చు. అందుకే ఒక పాత మార్కుల మెమో విలువ కాగితానికి పరిమితం కాదు.

మొదటి మెట్టు: ఏ పత్రం ఎవరిది?

రికార్డుల వేటలో కాలం ఎక్కువగా వృథా అయ్యేది తప్పు కార్యాలయాన్ని అడగడం వల్లనే. ఒక శిక్షణకు సంబంధించిన కాగితాలన్నీ ఒకేచోట ఉండవు. స్థూలంగా వాటిని మూడు భాగాలుగా చూడవచ్చు.

మొదటిది, చదివిన సంస్థ దగ్గర ఉండేవి: ప్రవేశాల రిజిస్టరు, హాజరు పట్టికలు, అంతర్గత మార్కులు, బదిలీ ధ్రువపత్రం, ప్రవర్తన ధ్రువపత్రం. రెండోది, పరీక్ష నిర్వహించిన బోర్డు లేదా విశ్వవిద్యాలయం దగ్గర ఉండేవి: మార్కుల పట్టికా రిజిస్టరు, ఉత్తీర్ణత ధ్రువపత్రం. మూడోది, వృత్తి చేయడానికి అనుమతినిచ్చే మండలి దగ్గర ఉండేవి: రిజిస్ట్రేషన్ సంఖ్య, పునరుద్ధరణ వివరాలు.

సంస్థ మూతపడినంత మాత్రాన మార్కులు మాయం కావని ఈ విభజన వల్ల స్పష్టమవుతుంది. పరీక్షల బోర్డు దగ్గరి పట్టికా రిజిస్టరే అసలు ఆధారం. దాన్ని వెతకడానికి హాల్‌టికెట్ సంఖ్య, పరీక్ష జరిగిన నెల, సంవత్సరం, పరీక్షా కేంద్రం ముఖ్యమైన ఆనవాళ్లు.

ఉపాధ్యాయ శిక్షణ

ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో టీటీసీగా, తర్వాత డీఎడ్‌గా, ఇటీవల డీఎల్‌ఎడ్‌గా వ్యవహరిస్తున్న శిక్షణ ఇది. 1986 జాతీయ విద్యా విధానం తర్వాత ఏర్పడిన జిల్లా విద్యా శిక్షణ సంస్థలు, అంటే డైట్‌లు, దీనికి ప్రధాన కేంద్రాలు. ఖరగ్‌పూర్ తెలుగు కుటుంబాలకు స్వస్థలమైన ఉత్తరాంధ్రలో శ్రీకాకుళం జిల్లా వమరవల్లి, విశాఖ జిల్లా భీమునిపట్నం డైట్‌లు ఉన్నాయి. తరగతులు డైట్‌లో జరిగినా, పరీక్షల రికార్డు ప్రభుత్వ పరీక్షల విభాగానిది. బీఎడ్ అయితే సంబంధిత విశ్వవిద్యాలయానిది.

ఉత్తీర్ణత ధ్రువపత్రం ఉంటే చాలదా అన్న ప్రశ్న తరచూ ఎదురవుతుంది. చాలదు. విద్యాహక్కు చట్టం కింద 2010 ఆగస్టు 23న వెలువడిన నోటిఫికేషన్ ఉపాధ్యాయుల కనీస అర్హతల్లో మార్కుల శాతాన్ని కూడా చేర్చింది. అందువల్ల మెమో తప్పనిసరి అవుతుంది. టెట్ ధ్రువపత్రం విషయంలో మాత్రం ఊరట ఉంది. మొదట ఏడేళ్లుగా ఉన్న దాని చెల్లుబాటును 2011 నుంచి వర్తించేలా జీవితకాలానికి పొడిగిస్తున్నట్లు కేంద్రం 2021 జూన్‌లో ప్రకటించింది.

జాతీయ ఉపాధ్యాయ విద్యా మండలి గుర్తింపు ఉన్న కోర్సేనా అని నియామక సంస్థలు అడుగుతాయి. ఆ మండలికి చట్టబద్ధ హోదా ఇచ్చిన చట్టం 1993 నాటిది, అమల్లోకి వచ్చింది 1995లో. అంతకు ముందు శిక్షణ పూర్తిచేసినవారికి మండలి గుర్తింపు పత్రం ఉండే అవకాశమే లేదు. ఆ కాలానికి సంస్థను రాష్ట్ర ప్రభుత్వం గుర్తించినట్లు చూపే పత్రం కోరాలి.

సైనిక స్థావరాల సమీపంలోని ఆర్మీ పబ్లిక్ స్కూళ్లు, కేంద్రీయ విద్యాలయాలు సైనికుల భార్యలకు సహజమైన ఉద్యోగ వేదికలు. మొదటివాటిని 1983లో ఏర్పడిన ఆర్మీ వెల్ఫేర్ ఎడ్యుకేషన్ సొసైటీ పర్యవేక్షిస్తుంది. రెండోవి బదిలీలపై తిరిగే కేంద్ర ఉద్యోగుల, సైనికుల పిల్లల కోసమే 1963లో రెజిమెంటల్ పాఠశాలలతో మొదలయ్యాయి. రెండింటిలోనూ మూలపత్రాల పరిశీలన నియామకంలో భాగం.

నర్సింగ్

నర్సింగ్‌లో చదువు ఒక ఎత్తు, రిజిస్ట్రేషన్ మరో ఎత్తు. 1947 చట్టంతో భారత నర్సింగ్ మండలి ఏర్పడినా, నర్సుల పేర్లు నమోదయ్యేది రాష్ట్ర మండళ్లలో. ఆంధ్రలో దీనికి మూలం 1926 నాటి మద్రాసు చట్టం, బెంగాల్‌లో 1934 నాటి చట్టం. కాబట్టి ఆంధ్రప్రదేశ్‌లో రిజిస్టరై ఖరగ్‌పూర్‌లో ఉద్యోగం చేయదలచిన నర్సు పశ్చిమ బెంగాల్ మండలిలో నమోదు కోరాలి. అందుకు పాత మండలి ధ్రువీకరణ, నిరభ్యంతర పత్రం కావాలి. ఈ ధ్రువీకరణ సాధారణంగా ఒక మండలి నుంచి మరో మండలికి నేరుగా చేరాలి, అభ్యర్థి చేతికిచ్చిన నకలును అంగీకరించకపోవచ్చు.

నర్సులకు దేశవ్యాప్త విశిష్ట సంఖ్య ఇచ్చే రిజిస్ట్రేషన్ ట్రాకింగ్ వ్యవస్థ వచ్చాక బదిలీ కొంత సులువైంది. అయితే అందులో చేరాలన్నా పాత రిజిస్ట్రేషన్ వివరాలు ఉండాలి. ఏళ్ల తరబడి పునరుద్ధరణ చేయించుకోనివారు ముందుగా పాత మండలిలో తమ నమోదు ఏ స్థితిలో ఉందో లిఖితపూర్వకంగా తెలుసుకోవడం మంచిది. నర్సింగ్ విద్యను, వృత్తిని పునర్వ్యవస్థీకరించే జాతీయ కమిషన్ చట్టం 2023లో వచ్చింది. దాని అమలుతో నిబంధనలు మారే వీలున్నందున దరఖాస్తు నాటి నిబంధననే ప్రమాణంగా తీసుకోవాలి.

ఐటీఐ, అప్రెంటిస్, టైపు

ఐటీఐ విద్యార్థులు మొదట చూసుకోవలసింది తమ ధ్రువపత్రం జాతీయ వృత్తి శిక్షణ మండలిదా, రాష్ట్ర మండలిదా అన్నది. జాతీయ మండలి 1956లో ఏర్పడింది. దాని పేరిట ఇచ్చిన నేషనల్ ట్రేడ్ సర్టిఫికెట్‌కు కేంద్రంలోని శిక్షణ డైరెక్టరేట్ జనరల్ బాధ్యత వహిస్తుంది. ఈ విభాగం లోగడ కార్మిక శాఖలో ఉండేది, ఇప్పుడు నైపుణ్యాభివృద్ధి శాఖలో ఉంది. పాత ధ్రువపత్రంపై ఉన్న శాఖకు రాసిన లేఖలు జవాబు లేకుండా ఉండిపోవడానికి ఇదొక కారణం. దరఖాస్తును చదివిన ఐటీఐ ప్రిన్సిపాల్ ద్వారా పంపడం అనువైన పద్ధతి. రాష్ట్ర మండలి పత్రమైతే ఆ రాష్ట్ర ఉపాధి, శిక్షణ శాఖను సంప్రదించాలి.

ఖరగ్‌పూర్ వంటి చోట్ల రైల్వే వర్క్‌షాప్‌లో అప్రెంటిస్ శిక్షణ పొందినవారికి 1961 అప్రెంటిస్ చట్టం వర్తిస్తుంది. చివరి పరీక్ష, ధ్రువపత్రం జాతీయ మండలివి. శిక్షణ ఒప్పందం, హాజరు, స్టైపెండ్ వివరాలు మాత్రం వర్క్‌షాప్ శిక్షణ విభాగానికి సంబంధించినవి.

ఒకప్పుడు గుమాస్తా ఉద్యోగానికి తొలిమెట్టైన టైపు లోయరు, హయ్యరు, షార్ట్‌హ్యాండ్ పరీక్షలను ఉమ్మడి రాష్ట్రంలో సాంకేతిక విద్యా శిక్షణ మండలి నిర్వహించేది. వీధి చివరి టైపు ఇన్‌స్టిట్యూట్ ఇప్పుడు కనిపించకపోయినా, పరీక్ష ఫలితం గురించి అడగవలసింది ఆ మండలినే.

చిరునామాలు మారాయి, సరిహద్దులు మారాయి

పాత రికార్డు ఒక పాత పటం మీద నిలిచి ఉంటుంది. ఖరగ్‌పూర్ ఉన్న మిడ్నాపూర్ జిల్లా 2002 జనవరి 1న పూర్వ, పశ్చిమ మేదినీపూర్‌లుగా విడిపోయింది. పాత దరఖాస్తులో 'మిడ్నాపూర్ జిల్లా' అని, నేటి ఆధార్‌లో 'పశ్చిమ మేదినీపూర్' అని ఉండడం సహజం. విజయనగరం జిల్లా 1979లో ఏర్పడింది. 2022 ఏప్రిల్ 4న ఆంధ్రప్రదేశ్ జిల్లాల సంఖ్య 13 నుంచి 26కు పెరిగింది. తెలంగాణలోనూ 2016, 2019 సంవత్సరాల్లో జిల్లాల సంఖ్య 10 నుంచి 33కు చేరింది. రైల్వేలోనూ ఇదే పరిస్థితి. చిరకాలం ఆగ్నేయ రైల్వేలో భాగంగా ఉన్న వాల్తేరు డివిజన్ 2003లో తూర్పు కోస్తా రైల్వేలో చేరింది.

అన్నిటికన్నా పెద్ద మార్పు 2014 జూన్ 2న జరిగింది. ఆంధ్రప్రదేశ్ పునర్వ్యవస్థీకరణ చట్టం ప్రకారం ఉమ్మడి రాష్ట్రం రెండుగా విడిపోయింది. పరీక్షల బోర్డులు, మండళ్లు, డైరెక్టరేట్లు రెండు రాష్ట్రాల్లోనూ వేర్వేరుగా ఏర్పడ్డాయి. విభజనకు ముందు చదివినవారు తమ విద్యాసంస్థ ఇప్పుడు ఏ రాష్ట్రంలో ఉందో చూసుకుని ముందుగా ఆ రాష్ట్ర కార్యాలయాన్ని అడగడం మేలు. 'ఆ రికార్డు మా దగ్గర లేదు, అవతలి రాష్ట్రానిది' అన్న జవాబు వస్తే దాన్ని మౌఖికంగా వదిలేయకుండా లిఖితపూర్వకంగా తీసుకోవాలి. రెండో కార్యాలయంలో ఆ లేఖే అతి ముఖ్యమైన ఆధారం.

దరఖాస్తులో నాటి పేరు, నేటి పేరు రెండూ రాయాలి. నాటి జిల్లా, నేటి జిల్లా, నాటి సంస్థ పేరు, నేటి పేరు పక్కపక్కనే ఇస్తే వెతికే గుమాస్తాకు పని సులువవుతుంది.

పేరులో ఒక్క అక్షరం

రికార్డు దొరికినా అది తనదేనని నిరూపించుకోవడం మరో పరీక్ష. తెలుగువారి పేర్ల నిర్మాణం ఇతర రాష్ట్రాల దస్త్రాల్లో సరిగా ఇమడదు. మనకు ఇంటిపేరు ముందు వస్తుంది, తరచూ పొడి అక్షరంగానే మిగులుతుంది. పదో తరగతి మెమోలో పొడి అక్షరంతో ఉన్న పేరు సైనిక దస్త్రంలో పూర్తి ఇంటిపేరుతోనో, భర్త ఇంటిపేరుతోనో, భర్త పేరే చివరి పేరుగానో నమోదవుతుంది.

బెంగాల్‌లో దీనికి లిపి చిక్కు తోడవుతుంది. బెంగాలీ రాతలో 'వ', 'బ'లకు వేర్వేరు అక్షరాలు లేవు. తెలుగులో ఉన్న ఎ-ఏ, ఒ-ఓ తేడాలనూ ఆ లిపి చూపదు. 'విజయలక్ష్మి' అన్న పేరు బెంగాలీలోకి వెళ్లి, అక్కడి నుంచి ఇంగ్లిషులోకి వచ్చేసరికి 'బి'తో మొదలయ్యే అవకాశం ఉంది. బెంగాలీతో సంబంధం లేకుండానే 'లక్ష్మి'ని ఇంగ్లిషులో ఒకరు 'ఎక్స్' అక్షరంతో, మరొకరు 'కె, ఎస్, హెచ్' అక్షరాలతో రాస్తారు. 'శ్రీ'కి కనీసం మూడు రాతలున్నాయి. ఉచ్చారణ ఒకటే అయినా కంప్యూటర్‌కు అవి వేర్వేరు వ్యక్తులు.

పరిష్కారం తేడా స్వభావాన్ని బట్టి ఉంటుంది. కేవలం అక్షరదోషమైతే, రెండు రాతలూ ఒకే వ్యక్తివని తెలిపే నోటరీ అఫిడవిట్‌తో పాటు వివాహ ధ్రువపత్రం, ఆధార్ నకళ్లు చాలా చోట్ల సరిపోతాయి. పేరే మారి ఉంటే రాజపత్రంలో ప్రకటన అవసరం కావచ్చు. భర్త సర్వీసు రికార్డులో భార్య పేరు తప్పుగా ఉంటే, దాన్ని ఆర్మీలో పార్ట్ 2 ఆర్డర్ ద్వారా, వాయుసేనలో అందుకు సమానమైన అకరెన్స్ రిపోర్ట్ ద్వారా సరిచేయించాలి. భవిష్యత్తులో కుటుంబ పింఛనుకూ ఇది కీలకం కనుక భర్త సర్వీసులో ఉండగానే పూర్తిచేయడం మంచిది.

ధ్రువపత్రాల్లో పేరు మార్పుపై సుప్రీంకోర్టు 2021 జూన్ 3న జిజ్ఞా యాదవ్ కేసులో ముఖ్యమైన తీర్పు ఇచ్చింది. పేరు వ్యక్తి గుర్తింపులో విడదీయరాని భాగమని, అధికారిక పత్రాల ఆధారంగా కోరిన సవరణలను సీబీఎస్‌ఈ పరిశీలించి తగిన షరతులతో అనుమతించాలని పేర్కొంది. అది సీబీఎస్‌ఈకి సంబంధించిన తీర్పే అయినా, ఇతర బోర్డులకు రాసే లేఖల్లో ఉటంకించదగినది.

నకలు కోసం దరఖాస్తు

పత్రం పోయినప్పుడు నకలు ధ్రువపత్రం కోరే విధానం బోర్డును బట్టి కొద్దిగా మారినా, స్థూలంగా అడుగులు ఇవి.

1. పత్రం పోయినట్లు పోలీసులకు ఫిర్యాదు చేసి, రసీదు లేదా దొరకలేదన్న ధ్రువీకరణ తీసుకోవాలి. ఎక్కడ పోయిందో తెలియకపోతే, చివరిసారి చూసిన స్థలం, తరలివెళ్లిన తేదీలు ఉన్నదున్నట్లు రాయాలి. ఊహించి ఒక స్థలాన్ని సృష్టించకూడదు.

2. నోటరీ అఫిడవిట్ సిద్ధం చేసుకోవాలి. అందులో పుట్టింటి పేరు, ప్రస్తుత పేరు, కోర్సు, సంవత్సరం, హాల్‌టికెట్ సంఖ్య ఉండాలి.

3. చదివిన సంస్థ అధిపతి ద్వారా దరఖాస్తు పంపాలి. సంస్థ మూతపడితే జిల్లా విద్యాధికారి లేదా సంబంధిత శాఖ జిల్లా అధికారి ద్వారా పంపవచ్చా అని బోర్డును అడగాలి.

4. రుసుము చెల్లించిన చలానా నకలు, పోస్టు రసీదు దాచుకోవాలి.

5. డిజిలాకర్‌లో ముందుగా వెతకాలి. 2016 నిబంధనల ప్రకారం అందులో సంస్థ జారీచేసిన పత్రానికి మూలపత్రంతో సమానమైన విలువ ఉంది. మనం స్కాన్ చేసి ఎక్కించుకున్న నకలుకు ఆ విలువ లేదు. ఎంత పాత సంవత్సరాల పత్రాలు లభిస్తాయన్నది బోర్డును బట్టి మారుతుంది.

హాల్‌టికెట్ సంఖ్య గుర్తులేనివారికి కొన్ని పక్కదారులు ఉన్నాయి. ఎంప్లాయ్‌మెంట్ ఎక్స్ఛేంజ్‌లో పేరు నమోదు చేసుకున్నప్పుడు మూలపత్రాలు చూసి అర్హతలు కార్డులో రాసేవారు. ఆ కార్డు ఇంట్లో ఉంటే మంచి ఆధారం. డీఎస్సీ దరఖాస్తు నకలు, పాత ఉద్యోగంలో సమర్పించిన జిరాక్సులు, అదే ఏడాది చదివిన సహాధ్యాయి మెమో కూడా ఉపయోగపడతాయి. సహాధ్యాయి హాల్‌టికెట్ సంఖ్య తెలిస్తే, రిజిస్టరులో అదే సంస్థ పేర్లు ఏ పుటల్లో ఉన్నాయో గుర్తించడం తేలిక.

సమాచార హక్కు చట్టం ఎంతవరకు?

దరఖాస్తుకు జవాబు రానప్పుడు 2005 సమాచార హక్కు చట్టం అండగా నిలుస్తుంది. దరఖాస్తును ఇంగ్లిషులోగాని, హిందీలోగాని, ఆ ప్రాంతపు అధికార భాషలోగాని రాయవచ్చు. ఆంధ్రప్రదేశ్, తెలంగాణ కార్యాలయాలకు తెలుగులోనే రాయవచ్చు. కేంద్ర కార్యాలయాలకు రుసుము 10 రూపాయలు. ఆంధ్రప్రదేశ్ నిబంధనల్లో గ్రామస్థాయికి రుసుము లేదు, మండల స్థాయికి 5 రూపాయలు, ఆపై స్థాయికి 10 రూపాయలు. దారిద్య్రరేఖకు దిగువన ఉన్నవారికి రుసుము మినహాయింపు ఉంది.

జవాబుకు గడువు 30 రోజులు. దరఖాస్తు వేరే కార్యాలయానికి సంబంధించినదైతే 5 రోజుల్లో అక్కడికి బదిలీ చేయాలి. జవాబు రాకపోయినా, అసంతృప్తికరంగా ఉన్నా 30 రోజుల్లో మొదటి అప్పీలు, ఆ తర్వాత 90 రోజుల్లో సమాచార కమిషన్‌కు రెండో అప్పీలు చేయవచ్చు. సరైన కారణం లేకుండా ఆలస్యం చేసిన అధికారికి రోజుకు 250 రూపాయల చొప్పున గరిష్ఠంగా 25,000 రూపాయల జరిమానా విధించే అధికారం కమిషన్‌కు ఉంది.

రెండు జాగ్రత్తలు తప్పనిసరి. మొదటిది, దరఖాస్తు మహిళ తన పేరుతోనే చేయాలి. భర్త దరఖాస్తు చేస్తే అది మరొక వ్యక్తి వ్యక్తిగత సమాచారమన్న కారణంతో తిరస్కరించవచ్చు. రెండోది, ఈ చట్టం కింద దొరికేది ఉన్న రికార్డు మాత్రమే. 'నాకు సర్టిఫికెట్ ఇవ్వండి' అని కోరితే అది సమాచారం కాదని తోసిపుచ్చవచ్చు. ప్రశ్నలను ఈ తరహాలో కూర్చాలి:

"ఫలానా నెల, సంవత్సరంలో ఫలానా కేంద్రంలో జరిగిన పరీక్షకు సంబంధించిన మార్కుల పట్టికా రిజిస్టరులో నా పేరు ఉన్న పుట ధ్రువీకృత నకలు ఇవ్వగలరు. ఆ రిజిస్టరు ప్రస్తుతం ఏ అధికారి అధీనంలో ఉందో తెలపగలరు. మరో కార్యాలయానికి పంపి ఉంటే ఆ లేఖ సంఖ్య, తేదీ తెలపగలరు. నాశనం చేసి ఉంటే అందుకు ఇచ్చిన ఉత్తర్వు నకలు, రికార్డుల నిల్వ కాలపరిమితి పట్టిక నకలు ఇవ్వగలరు."

ఇందులో చివరి వాక్యం అతి ముఖ్యమైనది. రికార్డు ఉందా, తరలిందా, నశించిందా అన్న మూడు అవకాశాల్లో ఏదో ఒకటి కాగితం మీద తేలాలి.

'దొరకడం లేదు' అంటే

రికార్డు నాశనమైంది అనడం, దొరకడం లేదు అనడం ఒకటి కాదు. నిల్వ కాలం ముగిశాక నిబంధనల ప్రకారం నాశనం చేసిన రికార్డును ఇవ్వమని అడగలేం. 2011 ఆగస్టులో ఆదిత్య బందోపాధ్యాయ్ కేసులో సుప్రీంకోర్టు ఈ పరిమితిని స్పష్టం చేసింది. అదే తీర్పు తన జవాబుపత్రాన్ని చూసే హక్కు అభ్యర్థికి ఉందనీ చెప్పింది. మరోవైపు, ఒకప్పుడు ఉన్న దస్త్రాన్ని కేవలం 'దొరకడం లేదు' అన్న మాటతో నిరాకరించడం కుదరదని, క్షుణ్నంగా వెతికి బాధ్యులను నిర్ధారించాలని ఢిల్లీ హైకోర్టు 2013 సెప్టెంబరులో విశ్వాస్ భాంబూర్కర్ కేసులో పేర్కొంది.

కేంద్ర ప్రభుత్వ కార్యాలయాలకు 1993 ప్రజా రికార్డుల చట్టం వర్తిస్తుంది. నిర్ణీత పద్ధతి పాటించకుండా రికార్డులను నాశనం చేయడాన్ని ఆ చట్టం శిక్షార్హం చేసింది.

రికార్డు నిజంగానే లేదని లిఖితపూర్వకంగా తేలితే, ఆ జవాబే కొత్త దరఖాస్తుకు పునాది అవుతుంది. దానికి ప్రవేశాల రిజిస్టరు నకలు, పాత జిరాక్సు, ఎంప్లాయ్‌మెంట్ కార్డు వంటి ద్వితీయ సాక్ష్యాలను జతచేసి, వాటి ఆధారంగా ధ్రువీకరణ ఇవ్వాలని బోర్డును కోరవచ్చు. అక్కడా ఫలితం లేకపోతే హైకోర్టులో రిట్ పిటిషన్ మిగిలిన మార్గం. ఆ దశకు ముందు ఉచిత న్యాయ సహాయం తీసుకోవచ్చు. 1987 న్యాయ సేవల చట్టం ప్రకారం ఆదాయంతో నిమిత్తం లేకుండా మహిళలందరూ అందుకు అర్హులే.

సైనిక వ్యవస్థ చేయగలిగింది

సైనిక రికార్డు కార్యాలయాల్లో ఉండేది భర్త సేవా చరిత్ర. భార్య చదువు వివరాలు అక్కడ దొరుకుతాయని ఆశించడం సరికాదు. అయితే బదిలీల తేదీలు, స్థలాలు చూపే పత్రం అక్కడ లభిస్తుంది. ఉద్యోగంలో విరామం ఎందుకు వచ్చిందో, పునరుద్ధరణ ఎందుకు ఆలస్యమైందో మండలికి వివరించడానికి అది ఉపకరిస్తుంది. మాజీ సైనికుల కుటుంబాలకు, వితంతువులకు జిల్లా సైనిక సంక్షేమ కార్యాలయం దరఖాస్తుతో పాటు సిఫారసు లేఖ ఇవ్వగలదు. 1966లో మొదలైన ఆర్మీ వైవ్స్ వెల్ఫేర్ అసోసియేషన్ వంటి సంఘాలు నైపుణ్య శిక్షణ, ఉపాధి సమాచారం విషయంలో తోడ్పడతాయి.

విదేశాల్లో పరిస్థితి

సైనిక కుటుంబాల బదిలీలు, రాష్ట్రాల వారీ లైసెన్సుల మధ్య పొసగని సంబంధం భారత్‌కే పరిమితం కాదు. అమెరికాలోనూ నర్సులు, ఉపాధ్యాయులు రాష్ట్రం మారితే కొత్త లైసెన్సు పొందవలసి వచ్చేది. 2023 జనవరిలో అమల్లోకి వచ్చిన చట్ట సవరణ, సైనిక ఉత్తర్వుపై తరలివెళ్లిన సైనికులు, వారి జీవిత భాగస్వాములు పాత రాష్ట్రపు వృత్తి లైసెన్సును కొన్ని షరతులతో కొత్త రాష్ట్రంలో ఉపయోగించుకునే వీలు కల్పించింది. 2023 నాటి ఆ సవరణలో న్యాయవాద వృత్తిని మినహాయించారు. భారత్‌లో నర్సులకు దేశవ్యాప్త సంఖ్య ఇవ్వడం ఆ దిశలో ఒక అడుగు. కానీ సంఖ్య రావాలన్నా మొదటి కాగితం ఉండాలి.

బదిలీకి ముందే చేయదగినవి

ఓల్డ్ సెటిల్‌మెంట్ నుంచి నేడు నర్సింగ్‌కో, డీఎల్‌ఎడ్‌కో, అప్రెంటిస్ శిక్షణకో వెళ్తున్న యువతులకు ఈ ఇబ్బంది రాకుండా కొన్ని పనులు ఇప్పుడే చేయవచ్చు.

కోర్సు పూర్తయిన ఏడాదే మెమో, ధ్రువపత్రం, సంస్థ గుర్తింపు ఉత్తర్వు, సిలబస్, శిక్షణ గంటల పట్టిక తీసుకోవాలి. విదేశీ లైసెన్సింగ్ సంస్థలు బోధన గంటలను, ఆసుపత్రి శిక్షణ గంటలను విడివిడిగా అడుగుతాయి. సంస్థ జారీచేసిన డిజిటల్ పత్రాలను డిజిలాకర్‌లోకి తెచ్చుకోవాలి. హాల్‌టికెట్ సంఖ్యలు, రిజిస్ట్రేషన్ సంఖ్యలు, తేదీలు ఒక కాగితంపై రాసి మూలపత్రాలకు వేరుగా, నమ్మకమైన బంధువు ఇంట ఉంచాలి. వివాహానంతరం పేరు మార్చుకోవాలా వద్దా అన్నది సొంత నిర్ణయం. మార్చుకుంటే అన్ని పత్రాల్లోనూ ఒకే రాత ఉండేలా చూసుకోవాలి. వృత్తి రిజిస్ట్రేషన్‌ను ఉద్యోగం లేని కాలంలో కూడా పునరుద్ధరించుకోవాలి.

క్వార్టర్ ఖాళీ చేసే రోజున గిన్నెలు, బట్టలు, బొమ్మలు అన్నీ పెట్టెల్లోకి చేరతాయి. సర్టిఫికెట్ల సంచిని మాత్రం సామాను లారీలో వేయకుండా చేతిలో పట్టుకుని రైలెక్కాలి.